ఎరుకమ్మ కట్టిన ముడి

"ఆ కోత చచ్చిపోయిన ఆడవాళ్ళ కోసం పుట్టిందమ్మా. బతికున్న మనిషికి చెయ్యమని నేనెలా ఒప్పుకుంటాను?"

సత్యారావు ఈ మాట అన్నప్పుడు అతని భార్య అమ్మడు అక్కడే చాపమీద వెల్లకిలా పడుకుని ఉంది. ఆమెకు ఏడో నెల. మంత్రసాని ఎరుకమ్మ రెండు చేతులూ ఆమె పొట్టమీద ఆనించి, కళ్ళు మూసుకుని, లోపల బిడ్డ తల ఎక్కడుందో వెతుకుతోంది. తల పైకుందని ఆమె అనడమూ, కిందికి తిరగకపోతే ఎలాగని అతను అడగడమూ, "తిరక్కపోతే పెద్దాసుపత్రిలో కోసి తీత్తారు బావూ" అని ఆమె తేలిగ్గా అనేయడమూ జరిగాయి. అతని భయం అక్కడ బయటపడింది.

"బతికున్నోళ్ళకే సేత్తారు. నాను కళ్ళారా సూసినాను," అంది ఎరుకమ్మ కళ్ళు తెరవకుండానే. "నీ సదువేటంటాదో అదీ సెప్పు. ఇనీసి పోతాను."

అతను చెప్పాడు. వాల్తేరులో బీయస్సీ చదివేటప్పుడు జువాలజీ లెక్చరరు పాఠం మధ్యలో చెప్పిన సంగతి అది. పూర్వం రోములో ఒక చట్టం ఉండేదట. నిండు చూలాలు చనిపోతే కడుపు కోసి బిడ్డను బయటికి తీయకుండా పాతిపెట్టకూడదు. సీజరు అనే ఏలిక అలాగే పుట్టాడనీ, అందుకే ఆ కోతకు సిజేరియన్ అని పేరొచ్చిందనీ లోకమంతా అంటుంది. కాని సీజరు పెద్దవాడై దండయాత్రలు చేసేనాటికి కూడా అతని తల్లి బతికే ఉంది. ఆ కాలంలో కోసిన తల్లి బతకడమనేది లేదు. కాబట్టి ఆ కథ నిజం కాకపోవచ్చు. చట్టానికున్న పేరే కోతకూ వచ్చిందని కొందరంటారు. లాటిన్ భాషలో కోయడమనే మాట నుంచే వచ్చిందని ఇంకొందరంటారు. కచ్చితంగా ఎవరికీ తెలీదు. అతనికి తెలిసిందల్లా ఒకటే. ఎటు తిప్పినా ఆ పేరు వెనక ఒక శవం ఉంది.

ఎరుకమ్మ చేతులు పొట్టమీద ఉన్నచోటే ఆగిపోయాయి.

"ఆ దేశంలోనూ అంతేనేటి," అంది.

"నానింకా బతికే ఉన్నాను," అంది అమ్మడు చాప మీంచి. "శవాల కబుర్లు ఈదిలోకెళ్ళి సెప్పుకోండి ఇద్దరూ."

ఎరుకమ్మ కళింగపట్నానికి ఉత్తరాన సముద్రపు ఒడ్డునున్న ఒక పల్లెలో పుట్టింది. తల్లి మంత్రసాని. పద్నాలుగో ఏటినుంచే తల్లి వెనక దీపం పట్టుకుని పురుడిళ్ళకు తిరిగింది. స్వాతంత్ర్యం వచ్చిన పదో ఏట, అండమానులో చేపలు పట్టేవాళ్ళకు సర్కారు పడవలూ వలలూ ఇస్తోందని విని, భర్త యర్రయ్యతో కలిసి విశాఖపట్నంలో ఓడెక్కింది. మూడో రోజున ఓడ డెక్కు మీద, నాలుగు చీరలు అడ్డం కట్టి, ఒక కాన్పు చేసింది. ఆ పిల్లాడు పుట్టిన ఊరు ఏదని రాయాలో తెలియక పోర్టుబ్లెయిరులో గుమాస్తా తల పట్టుకుంటే, "నీళ్ళ మీదని రాయి భయ్యా, అబద్ధం కాదుగదా" అని తనే సలహా ఇచ్చింది.

యర్రయ్య అయిదేళ్ళకే జ్వరంతో పోయాడు. సర్కారువాళ్ళు దాయీలకు, అంటే మంత్రసానులకు, శిక్షణ ఇస్తామంటే ఎరుకమ్మ పెద్దాసుపత్రిలో ఆరు వారాలు ఉండి నేర్చుకుంది. ఒక రేకుపెట్టె ఇచ్చారు. అందులో కత్తెర, ఎనామిల్ గిన్నె, గోళ్ళు తోముకునే బ్రష్షు, ఎర్రసబ్బు. గోళ్ళు మాంసం దాకా కత్తిరించి మోచేతుల దాకా సబ్బు రాసుకోకుండా ఆమె ఎవర్నీ ముట్టుకోదు. అలాగని తల్లి నేర్పిన ఆచారాలూ వదల్లేదు. "సబ్బు సర్కారుది, ఆచారం మాయమ్మది. రెంటికీ తగువు నేదు," అనేది, చుట్ట నిప్పు నోట్లోకి తిప్పి అడ్డపొగ పీలుస్తూ. ఆమెకు గంటల లెక్క రాదు. నొప్పులు ఏ పోటుకు మొదలయ్యాయి, ఎన్ని పాట్లు గడిచాయి, అదే లెక్క. నీళ్ళెక్కడం పోటు, దిగడం పాటు. ఒక్కొక్కటి ఆరు గంటల చిల్లర అని సత్యారావు మనసులో కట్టుకునేవాడు.

అతను డెలానీపూర్‌లో ఒక అద్దె గదిలో ఉంటూ బడిలో సైన్సు చెప్పేవాడు. అక్కణ్ణుంచి ఆసుపత్రి నడిచిపోయే దూరం. కాన్పు అక్కడే ఉండి చేయించుకుందామని అతను అన్నాడు. కాని తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. అమ్మడి పుట్టిల్లు నీళ్ళకవతల. చాతం నుంచి ఫెర్రీ ఎక్కి బేంబూఫ్లాట్‌లో దిగి, ఒడ్డు వెంట మైలున్నర నడిస్తే ఉప్పుటేటి పక్కన పాతిక గుడిసెల వాడ. ఎరుకమ్మ ఉండేదీ అక్కడే. మామ జోగులు, "మాస్టరుగారూ, మా గుమ్మంలో పుట్టనీసి తీసుకుపొండి. ఆ మీదట మీ ఇట్టం," అన్నాడు. అత్త కామమ్మ ముక్కు చీదింది. సత్యారావు ఒప్పుకున్నాడు. ఒప్పుకున్న రోజునుంచీ అతనికి నిద్ర సరిగా పట్టలేదు.

జూన్ నెలలో ఒక ఆదివారం పొద్దున్న, చాతంకి చేపలు తెచ్చిన మనిషి డెలానీపూర్ దాకా వచ్చి కబురు చెప్పాడు. అమ్మడికి నిన్న పొద్దు గూకే వేళకే నొప్పులు మొదలయ్యాయట. సత్యారావు మొదటి ఫెర్రీ పట్టుకుని, జెట్టీ నుంచి సగం దూరం పరుగెత్తి, ఎనిమిదిన్నరకు వాడ చేరాడు. వారం రోజుల వాన తెరిపిచ్చిందని వాడలో పడవలన్నీ చీకటితోనే వేటకు పోయాయి. కూతురి కోసం జోగులు ఒక్కడే ఆగిపోయాడు. అతని పడవ ఒక్కటే ఏటి ఒడ్డున బురద మీద ఒరిగి ఉంది.

ఎరుకమ్మ గుమ్మంలోకి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"గుంట తల కిందికి తిరిగినాది, అది మంచిదే. అయితే దిగడం నేదు. ఓ పోటూ ఓ పాటూ అయిపోనాయి." అని లోపలికి, బయటికి అందరికీ వినబడేలా, "ముడులిప్పండి," అంది.

కాన్పు బిగిస్తే ఇంట్లో ఏ ముడీ ఉండకూడదు. ముడి ఉన్నంతసేపూ గర్భం విడవదని వాళ్ళ నమ్మకం. కామమ్మ తన కొప్పు విప్పుకుని కూతురి జడ విప్పింది. ట్రంకుపెట్టె తాళం తీసింది. బియ్యం మూటకీ, ఉట్టికీ, మేకకీ ఉన్న తాళ్ళన్నీ ఊడదీసింది.

"నీ బూట్లు, బావూ," అంది ఎరుకమ్మ.

"వాచీ కూడానా?"

"గడియారముంచుకో. నీకది నేకపోతే పేణం నిలవదు."

సత్యారావు వంగి బూట్ల తాళ్ళు విప్పాడు. జోగులు ఏటి ఒడ్డుకు దిగి, మడచెట్టు మొదలుకు కట్టిన పడవ తాడు కూడా విప్పి, చుట్టచుట్టి పడవలో వేశాడు. వాళ్ళ స్వగ్రామంలో అలాగే చేసేవాళ్ళు. అక్కడ తెప్పల్ని ఇసకమీద ఎత్తుకి లాగి ఉంచుతారు. తాడు విప్పినా అవి ఎక్కడికీ పోవు. గుమ్మంలోంచి సత్యారావు ఇదంతా చూశాడు. మూఢనమ్మకమే కాని ఎవరికీ నష్టం లేదుగదా అనుకున్నాడు. అంతకు నాలుగు రోజుల కిందటే అతను తొమ్మిదో తరగతికి చంద్రుడికీ ఆటుపోట్లకీ ఉన్న సంబంధం గురించి బొమ్మ గీసి పాఠం చెప్పాడు.

తరవాతి మూడు గంటలూ అతను తడికకు ఇవతల కూర్చుని వాచీ చూస్తూ నొప్పికీ నొప్పికీ మధ్య నిమిషాలు లెక్కపెట్టాడు. నాలుగు. మూడున్నర. మూడు. తరవాత నొప్పికీ నొప్పికీ మధ్య ఖాళీయే లేకుండా పోయింది. అమ్మడు అరవడం మానేసి, ఒకే తీరున మూలగడం మొదలెట్టింది. ఆ మూలుగు వింటే అతనికి అరుపుకంటే ఎక్కువ భయం వేసింది.

పన్నెండున్నరకు ఎరుకమ్మ అతన్ని లోపలికి పిలిచింది. ఆడవాళ్ళు పురుడు పోసుకుంటున్న చోటికి మగవాణ్ణి పిలవడం వాడలో ఎప్పుడూ లేదు. కామమ్మ నోరు తెరవబోతే ఎరుకమ్మ చెయ్యి చూపించి ఆపింది. అమ్మడి పొట్టమీద బొడ్డుకు కాస్త దిగువన, ఎవరో తాడు బిగించి తీసినట్టుగా, అడ్డంగా ఒక పల్లం కనబడుతోంది.

"ఈ గీత ఇందాక నేదు," అంది ఎరుకమ్మ. "ఇది పైకి జరుగుతున్నాది. నా చేతిలో పని కాదింక. కడుపులో గుంట గుండె కొట్టుకుంటన్నాది, చెవి పెట్టి ఇన్నాను. చలో, ఆసుపత్రికి. జల్దీ. జోగులూ, పడవ తియ్యి."

జోగులు బయటికి పరుగెత్తాడు. అతను తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని సత్యారావు వాచీలో చూడలేదు. ఎందుకంటే జోగులు తిరిగి రాలేదు. ఏటి ఒడ్డునే నిలబడిపోయాడు. సత్యారావు వెళ్ళి చూస్తే బురద ఉన్నచోట నీళ్ళు మిలమిలలాడుతున్నాయి. పోటెక్కింది. పడవ ఎప్పుడు లేచిందో, వానలకు పొంగిన ఏటి ఒరవడికి ఎప్పుడు కదిలిందో. ఏటి మొగకు అవతల, సముద్రంలోకి పోయే నీటి మీద, గింజంత నల్లచుక్క.

"ఈదుతాను," అన్నాడు జోగులు.

"మొసళ్ళున్నాయి మామా. అందుకుని తెచ్చేసరికి రెండు గంటలు పడుతుంది."

"నానే ఇప్పీసినాను మాస్టరుగారూ. ఈ చేతుల్తోనే."

"నేను చూస్తూ ఊరుకున్నాను," అన్నాడు సత్యారావు.

వెనకనుంచి ఎరుకమ్మ వచ్చింది. నీళ్ళు చూసింది, చెట్టు మొదలు చూసింది. ఆమె ముఖం ఒక్కసారి ముడుచుకుపోయి మళ్ళీ మామూలైంది.

"ఇప్పమన్నది నాను. ఏడుపులు తరవాత. జోగులూ, దళసరి వల ఏది? తెడ్డు తీసుకురా. డోలీ కట్టు."

జోగులు చూరులోంచి వల లాగాడు. తెడ్డు తెచ్చాడు. వల రెండు కొసలూ తెడ్డుకు చుట్టి, అక్కడ ఆగిపోయాడు.

"ముడేస్తే ఎలగ ఎరుకప్పా? నొప్పుల్లో ఉన్నాది. ముడేస్తే బిగిసిపోదేటి?"

"కట్టు."

"ఓ తప్పు సేసినాను. రెండోది సేయించకు. నా కూతురు."

కామమ్మ కూడా తడిక పట్టుకుని, "వొద్దప్పా," అంది. సత్యారావుకు ముడులు వేయడం రాదు. అతను వేస్తే దారిలో జారిపోతుంది. ముగ్గురూ ఎరుకమ్మ వంక చూశారు. నలభై ఏళ్ళుగా ఎన్నో గుమ్మాల ముందు ముడులిప్పండని చెప్పిన మనిషి, జోగులు చేతిలోంచి వల కొస లాక్కుని, మోకాలితో తెడ్డు అదిమిపట్టి, ఒక ముడి వేసింది. దానిమీద ఇంకొకటి. రెండో కొసన కూడా రెండు. పళ్ళతో పట్టి లాగి బిగించింది.

"కీడొస్తే నాకొత్తాది," అంది. "ఎత్తండి."

ఆ మైలున్నర దూరాన్ని సత్యారావు చాలాకాలం మరిచిపోలేదు. విప్పిన బూట్ల తాళ్ళు కట్టుకోవడానికి ఆగలేదు. రెండడుగులకోసారి తొక్కుకుంటుంటే బూట్లు విడిచేసి నడిచాడు. తెడ్డు భుజాన్ని కోసేస్తోంది. ముందు జోగులు, వెనక తను. మధ్యలో వలలో వేలాడుతూ అమ్మడు. పక్కన ఎరుకమ్మ ఒక చెయ్యి ఆమె పొట్టమీద ఉంచి, రెండో చేత్తో రేకుపెట్టె పట్టుకుని, వాళ్ళతో సమంగా నడుస్తోంది. ఆమెకు అప్పటికి యాభై దాటాయి. మధ్యమధ్య వంగి వల కంతల్లోంచి చెవి ఆనించేది. "ఉందా?" అని అడిగేవాడు సత్యారావు. "నడు," అనేది.

జెట్టీ కనబడేసరికి ఫెర్రీ తాడు విప్పేశారు. ఫెర్రీ అంచుకూ జెట్టీకీ మధ్య మూరెడు నీళ్ళు. ఇంకో ఫెర్రీ గంటన్నర దాకా లేదు. ఎరుకమ్మ డోలీని వదిలి ముందుకు పరుగెత్తి, జెట్టీ కొసన నిలబడి కేకేసింది.

"సారంగు భయ్యా, రోకో!"

పడవ నడిపే సారంగు ఇంజను గదిలోంచి తల బయటపెట్టి, "టైమ్ హో గయా దీదీ," అన్నాడు.

"తేరా బేటా కోన్ నికాలా రే? ఆ దినం కూడా టైమ్ హో గయా అన్నానేటి నాను?"

సారంగు కొడుకు ఆమె చేతుల మీదే పుట్టాడు. ఫెర్రీలో ఉన్నవాళ్ళు నవ్వారు. సారంగు నవ్వకుండా పడవ వెనక్కి తెచ్చాడు. తెడ్డుతో సహా అమ్మణ్ణి పైకి అందుకోవడానికి పదిమంది చేతులు వచ్చాయి. చాతంలో దిగాక కర్రమిల్లు ముందు ఆగివున్న ఒక జీపువాణ్ణి సారంగే వెళ్ళి ఒప్పించాడు.

ఆసుపత్రిలో లేడీ డాక్టరు అమ్మణ్ణి చూడటానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. వరండాలోకి వచ్చి సత్యారావు చేతిలో ఒక కాగితం పెట్టింది. "ఆపరేషన్, మాస్టర్‌జీ. అభీ. ఆలస్యమైతే గర్భసంచీ చిరిగిపోతుంది. సంతకం చెయ్యండి. నేను చేతులు కడుక్కుని వస్తాను."

సత్యారావు కలం తీశాడు. కాగితం మీద ఇంగ్లీషులో ఆ పేరు టైపు చేసి ఉంది. అక్షరాలు చూడగానే అతనికి లెక్చరరు గొంతు వినబడింది. చనిపోయిన స్త్రీ. పాతిపెట్టడానికి ముందు. తను సంతకం పెడితే అమ్మడు ఆ వరసలో చేరిపోతుందనిపించింది. పెట్టకపోతే ఏమవుతుందో కూడా అతనికి తెలుసు. ఇప్పుడే చెప్పారు. తెలిసినా చెయ్యి కదల్లేదు.

"వొద్దు అల్లుడుబాబూ," అంది కామమ్మ పక్కనుంచి. "సేపని కోసినట్టు కోసీత్తారు. కోసిన కడుపు మళ్ళీ బరువు మొయ్యదు. ఇంకో గంట సూద్దాం." జోగులు గోడకు ఆనుకుని నేలమీద కూలబడ్డాడు.

"ఎరుకమ్మా," అన్నాడు సత్యారావు, "నీకు ముందే చెప్పానుగదా. ఈ పేరే..."

"సెప్పినావు. నాను నీకు సెప్పలేదు." ఎరుకమ్మ అతని ముందుకొచ్చి నిలబడింది. గొంతు పెంచలేదు. "మా పుట్టినూరి వాడలో నా తోడబుట్టిన చిన్నమ్మి, తొలి కాన్పు. మూడు దినాలు నొప్పులు. కడుపుమీద ఇదే గీత. అదేటో మాయమ్మకీ తెల్దు. నాలుగో దినం పోనాది. కడుపుతో ఉన్నదాన్ని అలగే పాతిపెడితే వాడకి కీడన్నారు. బిడ్డని తీసి ఏరేగా పెట్టాలన్నారు. మాయమ్మ చెయ్యి ఆడలేదు. నాకప్పటికి పద్దెనిమిదేళ్ళు. వల కోసే కత్తితో నానే కోసినాను."

ఎరుకమ్మ ఒకసారి తన చేతుల వంక చూసుకుంది.

"గుంటడు నిండుగా ఉన్నాడు బావూ. గోళ్ళు కూడా వొచ్చినాయి. ముందు దినం కోసుంటే ఇద్దరూ ఉందురు. మీ రోము ఊరోళ్ళూ మావూ ఒకటే తప్పు సేసినాం. పోయినాక కోసినాం."

సత్యారావు కాగితం వంక చూశాడు. కలం ఇంకా అలాగే పట్టుకుని ఉన్నాడు.

"నన్ను ఒప్పిస్తున్నావు. కానీ ఏదైనా జరిగితే..."

"నిన్నొప్పించడమేటి? కడుపు నీదా, నాదా?" ఎరుకమ్మ వెనక్కి తిరిగి, తలుపు దగ్గరున్న నర్సుతో రెండు ముక్కలు మాట్లాడింది. శిక్షణనాటి నుంచీ తెలిసిన మనిషి కనక నర్సు అడ్డు తప్పుకుంది. ఎరుకమ్మ సత్యారావు చొక్కా పట్టుకుని గుమ్మం దాకా లాక్కెళ్ళింది.

అమ్మడు ఇనప బల్లమీద ఉంది. పెదాలు ఎండి చిట్లాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"అమ్మడూ, కోసి తీత్తామంటన్నారు. నువ్వేటంటావు?"

అమ్మడికి మాట్లాడటానికి ఊపిరి చాల్లేదు. ఒక నొప్పి పోయేదాకా ఆగి, అడిగింది. "ఇప్పుడా నన్నడగడం?"

"ఇప్పుడే."

"కొయ్యమను. నిన్నటి సందేళే అనుకున్నాను, ఎవులూ అడగనేదు." మళ్ళీ ఆగి, గుమ్మం వైపు చూసింది. "ఆయన్ని సంతకం పెట్టమను. చెయ్యి వొణికితే ఏలుముద్ర ఎయ్యమను."

సత్యారావు అక్కడే, తలుపు చెక్కమీద కాగితం ఆనించి సంతకం పెట్టాడు. అక్షరాలు పక్కకు వాలిపోయాయి. అయినా అది అతని పేరేనని డాక్టరు ఒప్పుకుంది. తలుపులు మూశారు.

బయట వాన మొదలైంది. కామమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. జోగులు లేచి వరండా ఆ కొసనుంచి ఈ కొసకు తిరిగాడు. సత్యారావు వాచీ చూశాడు. మూడూ పది. మళ్ళీ చూశాడు. మూడూ పదకొండు. ఎరుకమ్మ అతని పక్కనే కూర్చుని ఉంది. ఆమె చేతులు ఒడిలో వెల్లకిలా పడి ఉన్నాయి. ఆ చేతులకు పని లేకపోవడం అతను ఎప్పుడూ చూడలేదు. వల తాడు లాగి బిగించినచోట అరచేతిలో చర్మం లేచిపోయి ఉంది.

"నీకు భయంగా లేదా?" అన్నాడు.

"నేకేం. చిన్నమ్మి దినంనుంచీ ప్రతి కాన్పుకీ భయమే." ఆమె చుట్ట కోసం రొంటిలో తడుముకుని, ఆసుపత్రి అని గుర్తొచ్చి మానుకుంది. "ఆ గీత ఇంకా ముందే కనిపెట్టాల్సింది. ముడుల మీద పెట్టిన కళ్ళు పొట్టమీద పెట్టుంటే కనబడును."

మూడూ ముప్ఫయ్యెనిమిదికి లోపల ఏదో ఇనప గిన్నె చప్పుడైంది. తరవాత ఏమీ వినబడలేదు. ఎరుకమ్మ లేచి నిలబడింది. ఆమె పెదాలు కదులుతున్నాయి. దేవుణ్ణి తలుచుకుంటోందనుకున్నాడు సత్యారావు. కాని ఆమె అంకెలు లెక్కపెడుతోంది. బిడ్డ బయటికొచ్చాక ఏడవడానికి ఎంతసేపు ఆగవచ్చో ఆమెకు తెలుసు. ఇరవై దాటింది. ముప్ఫై దాటింది. ముప్ఫై నాలుగు దగ్గర లోపలనుంచి ఒక ఏడుపు, పిల్లి అరుపులాంటిది, సన్నగా వచ్చి, వెంటనే పెద్దదైంది.

జోగులు మొహం కప్పుకున్నాడు. "తల్లో?" అన్నాడు సత్యారావు. అతనికి సీజరు తల్లి గుర్తొచ్చింది. కొడుకు పెద్దవాడైందాకా బతికింది కాబట్టి కోసి ఉండరని లెక్కగట్టిన పండితులు గుర్తొచ్చారు. తలుపు తెరుచుకోవడానికి ఇంకో నలభై నిమిషాలు పట్టింది. డాక్టరు మాస్కు దించుకుని వచ్చింది.

"బేటీ. తల్లి బాగుంది. కుట్లు వేశాను. ఇంకో గంట ఆలస్యమై ఉంటే నేను కూడా ఏమీ చెయ్యలేకపోదును." ఎరుకమ్మ వైపు తిరిగి, "ఆ గీత చూసింది నువ్వేనా, దీదీ?" అంది.

"ఆలీసెంగా సూసినాను," అంది ఎరుకమ్మ.

మూడో రోజున వేటకు పోయి వస్తున్నవాళ్ళు జోగులు పడవను లాక్కొచ్చి అప్పగించారు. చూపు ఆనినన్నాళ్ళూ ఎరుకమ్మ పురుళ్ళు పోయడం మానలేదు. ముడులిప్పించడమూ పూర్తిగా మానలేదు. తల్లులకి ధైర్యంగా ఉంటుందనేది. పడవ తాడు జోలికి మాత్రం ఎవర్నీ పోనివ్వలేదు. నొప్పులు ఒక పోటు దాటితే, తనింకా ఆశ వదులుకోకపోయినా సరే, ఫెర్రీ వేళ కనుక్కోమని ఇంట్లో మగవాళ్ళని తరిమేది. అలా ఆమె చాతం దాటించి ఆసుపత్రికి చేర్చినవాళ్ళు ఆ తరవాతి ఏళ్ళలో తొమ్మిదిమంది. ఒకర్ని దక్కించుకోలేకపోయింది. ఆమె పేరు గవరయ్య కోడలు లక్ష్మి. తక్కిన ఎనిమిదిమంది పేర్లూ మరిచిపోయి ఆ పేరే తలుచుకునేది.

కూతురికి బుల్లమ్మ అని పేరు పెట్టారు. దానికి ఆరో ఏడు నడుస్తుండగా అమ్మడు మళ్ళీ నీళ్ళోసుకుంది. ఈసారి కూడా కోయవలసి రావచ్చని డాక్టరు అంది. సత్యారావు ఆ ఆదివారమే బస్సెక్కి చౌల్దారీ పోయాడు. ఎరుకమ్మ అప్పటికి కొడుకు అప్పలరాముడి దగ్గర అక్కడ ఉంటోంది. చూపు తగ్గింది. గట్టుమీద కూర్చుని కాకరతీగకు పందిరి కర్రలు చెక్కుతోంది. సత్యారావు ఒక కాగితంమీద పదకొండు ప్రశ్నలు రాసుకుని తెచ్చాడు. పాత కుట్టు చోటే కోస్తారా. నొప్పులు రాకముందే కోయించడం మంచిదా. వాడకు పంపాలా వద్దా. ఆమె అన్నీ విన్నది.

"అమ్మడేటన్నాది?"

సత్యారావు కాగితం మడిచాడు. "ఇంకా అడగలేదు."

ఎరుకమ్మ కత్తి పక్కన పెట్టి అతని వైపు, మసకబారిన కళ్ళతోనే, చాలాసేపు చూసింది. అప్పుడామె అన్న మాటను సత్యారావు ఇప్పటికీ తప్పలేదు. ఆ సాయంత్రం ఇంటికి పోగానే బస్సు దిగిన బట్టలతోనే భార్య ముందు కూర్చుని అడిగాడు. ఆ తరవాత బుల్లమ్మకు జ్వరమొచ్చినా, ఆ కాన్పులో పుట్టిన చంటివాడు పాలు కక్కినా, థర్మామీటరు కోసం లేవబోయేముందు ఒక్క నిమిషం వాళ్ళ పక్కన చతికిలబడి అదే చేస్తున్నాడు. మాటలు రాని చంటివాణ్ణి కూడా అడుగుతాడు. అమ్మడు నవ్వుతుంది. అయినా మానడు. ఎరుకమ్మ అన్నది ఇంతే:

"నొప్పి ఎవులిదో ముందల ఆళ్ళనడుగు బావూ. నీ సదువుని తరవాత అడుగుదువుగాని."